మేడ మీద మడి

ఫిబ్రవరి 26

అన్నయ్యకి,

కొత్త ఇంట్లోంచి రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. సామాను సర్దడం ఇంకా కాలేదు. పెన్ను దొరికింది గానీ కళ్ళజోడు దొరకలేదు. రోజంతా షాపులో ఊరందరికీ అద్దాలు బిగించి ఇచ్చేదాన్ని, నా జోడు ఏ పెట్టెలో పడేశానో నాకే తెలీదు. అక్షరాలు వంకరపోతే సర్దుకో.

ఇల్లు చిన్నదే. ఒక గది, వంటిల్లు, పక్కకి తిరిగితే మోచేతులు గోడకి తగిలే స్నానాలగది. కానీ అన్నయ్యా, మేడ మీద నాకంటూ కాస్త ఖాళీ జాగా దొరికింది! పదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. పొద్దున్న ఏడింటి నుంచి ఒంటిగంట దాకా ఎండ. ఆయన పోయాక మూడేళ్ళు ఆ పాత వాటాలో, పగలు కూడా దీపం వేసుకుని ఎలా బతికానో తలుచుకుంటే ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది. మొదటి రోజు ఎండ పాదాల మీద పడితే అక్కడే కూలబడి ఏడ్చాను.

చలి పోయింది. రోడ్డు పక్క చెట్లు ఎర్రగా చిగురేస్తున్నాయి. నాకూ ఏదో ఒకటి మొలిపించాలని ప్రాణం కొట్టుకుపోతోంది. నాలుగు కుండీలు పెట్టుకుని సరిపెట్టుకోను. మడి కావాలి. చెయ్యి మోచేతి దాకా దిగే మట్టి కావాలి. నలభై ఏళ్ళు మేస్త్రీ పని చేసినవాడివి, ఎలా కట్టాలో చెప్పు. నువ్వు గీసిన గీత దాటను.

నా కింద, రెండో అంతస్తులో, రిటైరైన నర్సు ఒకావిడ ఉంది. నేను కుర్చీ జరిపితే చాలు, చీపురు కర్రతో కప్పు పొడుస్తుంది. సామాను దించిన రోజే పైకొచ్చి, "ఇంట్లో మనుషులు దిగారా, ఏనుగులు దిగాయా?" అంది. "రెండూ కాదండీ, నేను దిగాను" అన్నాను.

ఇంటికి ఫోను ఇంకా రాలేదు. వచ్చినా ఏం లాభంలే, నీ చెవులు కాంక్రీటు మిషన్లకి ధారపోశావు. మనిద్దరికీ ఉత్తరాలే గతి. మరీ అవసరమైతే ఎవరిచేతైనా మా షాపుకి చేయించు. వదిన మోకాలి ఆపరేషన్ ఎప్పుడన్నారు?

నీ చెల్లెలు


మార్చి 4

చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు.

నీ ఏనుగుల కబురు పైకి చదివి వినిపిస్తే మీ వదిన మోకాలి నొప్పి మర్చిపోయి నవ్వింది. ఆపరేషన్ పద్దెనిమిదో తారీఖు. తను ధైర్యంగానే ఉంది, నాకే అన్నం సహించడం లేదు.

ఇక నీ మడి సంగతి. కుండీలు వద్దన్నావు, అదీ మా ఇంటి పిల్ల మాట. ముందు గచ్చు శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, మందపాటి ప్లాస్టిక్ పట్టా పరువు. దాని మీద పిట్టగోడ వెంబడి, ఈ చివర నుంచి ఆ చివర దాకా, రెండడుగుల వెడల్పున ఇటుకలతో గట్టు కట్టు. బరువంతా అంచు మీదే ఉండాలి, అక్కడ కింద గోడ ఉంటుంది. మధ్యలో మాత్రం పెట్టకు. అడుగున గులకరాళ్ళు వేసి, నీళ్ళు పోవడానికి రెండు తూములు వదిలి, ఆ పైన అడుగు ఎత్తు మట్టి పొయ్యి. మట్టిలో మూడో వంతు మాగిన ఎరువు కలుపు. జల్లెడ పట్టకుండా పోశావో, ఊరుకోను.

శ్లాబు గురించి దిగులు పడకు. నాలుగు వైపులా గోడల మీద కూర్చున్న శ్లాబు అది. మీ నర్సమ్మ చెప్పిన ఏనుగుని తీసుకొచ్చి పడుకోబెట్టినా ఉలకదు, పలకదు.

నేనే వచ్చి కట్టి పెడుదును. మీ వదిన లేచి తిరిగితే తప్ప కదలలేను.

అన్నయ్య


మార్చి 15

అన్నయ్యా,

అయిపోయింది! నువ్వు చూస్తే నీ దగ్గర పనివాళ్ళకి కూడా ఇంత చక్కగా రాదని ఒప్పుకుంటావు. బయటి అంచు వెంబడి గట్టు, రెండడుగులు, కొలిచి మరీ కట్టాను. నలభై బస్తాల మట్టి. లిఫ్టువాడు ముప్ఫయ్యో బస్తా దగ్గర దణ్ణం పెట్టేశాడు, మిగతా పది నేనే ఒక్కొక్కటీ లాక్కొచ్చుకున్నాను. మొత్తం జల్లెడ పట్టాను. ముక్కులోంచి ఇంకా మట్టే వస్తోంది.

పాలకూర, ముల్లంగి, టమాటా, ఒక చివర చిక్కుడు, ఇంకో చివర బంతి. చిక్కుడు రెయిలింగు ఊచల మీదికి పాకిద్దామని. పొద్దున్నే అక్కడ నిలబడి ఊచల మధ్య నుంచి చూస్తే రోడ్డంతా కనిపిస్తుంది. పై ఇంటివాళ్ళు ఆరేసిన బట్టల్లోంచి నీళ్ళు కారి నా ముల్లంగి మీద పడుతున్నాయి. సబ్బునీళ్ళు మొక్కలకి మంచిదా, చెడ్డదా?

ఇక్కడ వాళ్ళ నీళ్ళు నా మీద పడితే, నా నీళ్ళు నర్సమ్మ మీద పడుతున్నాయి. తూముల్లోంచి బురద కారి ఆవిడ దుప్పటి మీద మరకలయ్యాయట. వచ్చి గుమ్మంలో నిలబడి అరిచింది. "మా అన్నయ్య పెద్ద మేస్త్రి, ఆయన చెప్పినట్టే కట్టాను, లోపం ఉంటే ఆయన్ని అడగండి" అన్నాను. "అయితే మీ అన్నయ్యనే వచ్చి ఈ దుప్పటి ఉతకమనండి" అంది.

ఇంకొకటి. గుమ్మం పక్కన, గోడా గచ్చూ కలిసే చోట, గోడ పొడుగునా వెంట్రుకంత గీత పడింది. కాస్త సిమెంటు కలిపి మెత్తేశాను. సరిగ్గానే చేశానా?

నీ చెల్లెలు


మార్చి 19, ఆసుపత్రి నుంచి

చెల్లాయ్,

ఇది చదవగానే చేతిలో ఏ పనున్నా ఆపెయ్.

నీ పైన ఇంకో ఇల్లుందా? రెయిలింగు ఉందా? అయితే అది డాబా కాదు, బాల్కనీ. నువ్వు మేడ మీద అంటే నేను డాబా అనుకున్నాను. అయ్యో, ఒక్కసారి అడగాలని తోచలేదు నాకు.

బాల్కనీకి అంచు కింద గోడ ఉండదు. గోడలోంచి చాపిన చెయ్యి లాంటిది అది. ఆ చేతి వేళ్ళ చివర టన్ను బరువు పెట్టావు. పెట్టించింది నేను. నువ్వు చూసిన గీత, ఆ చెయ్యి భుజం దగ్గర విరగడం మొదలైన గీత.

అందులో అడుగు పెట్టకు. మట్టి తియ్యడానికి కూడా వెళ్ళకు. తలుపు మూసి తాళం వెయ్యి. కింది ఇళ్ళవాళ్ళకి చెప్పు, ఆ నర్సుకి ముందు చెప్పు. ఎవరైనా ఇంజనీరుని పిలిచి కింద నుంచి దన్నుగా పోట్లు పెట్టించాకే మట్టి దించాలి.

మీ వదినకి నిన్ననే ఆపరేషన్ అయింది, ఇంకా మత్తులోనే ఉంది. వదిలి రాలేను. ఈ ఉత్తరం చేరేదాకా ఆగలేక వార్డులో ఉన్న నర్సు చేత మీ షాపుకి ఫోను చేయించాను. నువ్వు లేవట, ఎవరో అమ్మాయి చెబుతానందట. చెప్పింది కదూ?

అన్నయ్య


మార్చి 20

అన్నయ్యా,

ఈ నర్సమ్మ ఎంతకి తెగించిందో విన్నావా! నిన్న నేను అద్దాలు ఇచ్చి రావడానికి వెళ్తే షాపుకి ఫోను వచ్చిందట. "నేను నర్సుని మాట్లాడుతున్నాను, ఆవిడ అన్నయ్యగారు మడిలో మట్టంతా వెంటనే తీసెయ్యమంటున్నారు" అని! మా షాపులో అమ్మాయి అర్థమైనంతవరకు అమాయకంగా రాసి పెట్టింది. నా మడి ఇష్టం లేకపోతే నా ముఖం మీద చెప్పాలి గానీ, నీ మాటగా నాకు కబురు పంపిస్తుందా?

నేరుగా కిందికి దిగి కడిగేశాను. "మీ అన్నయ్యెవరో, మీ షాపెక్కడుందో నాకెందుకు?" అని ఎంత బాగా నటించిందో. ముఖం ఎర్రబడిపోయింది. ఇకమీదట ఆవిడ ముఖం చూడనని చెప్పి వచ్చేశాను.

ముల్లంగి మొలిచింది. గుండుసూది తలకాయలంత ఆకులు. ఎవరేమన్నా ఒక్క పిడికెడు మట్టి తియ్యను. నువ్వు రాసింది రాసినట్టే ఉంటుంది.

ఆ గీత మళ్ళీ తెరుచుకుంది. ఇప్పుడు చిటికెన వేలి గోరు దూరుతోంది. మొన్న పడ్డ వానకి అలా అవుతుందా?

నీ చెల్లెలు


మార్చి 24

అన్నయ్యా,

బతికే ఉన్నాను. ముందు ఈ మాట చదువు, మిగతాది తర్వాత.

మడి లేదు. బాల్కనీ లేదు. నిన్న పొద్దున్న ఏడుంపావుకి ఊడి పడిపోయింది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. లేవగానే చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. చిక్కుడు రెండాకులు విప్పింది, వంగి చూస్తున్నాను. అప్పుడు తలుపు దబదబా బాదిన చప్పుడు. ఇంకెవరు, నర్సమ్మే. మళ్ళీ బురద మరకలు పడ్డ దుప్పటి పట్టుకొచ్చింది. చెంబు గట్టు మీద పెట్టి, విసుక్కుంటూ వెళ్ళి తలుపు తీశాను.

"ఇది ఉతకడం మూడోసారి" అంది.

"దొంగ ఫోన్లు చేసేవాళ్ళతో నాకు మాటల్లేవు" అన్నాను.

ఆవిడ ఏదో అనబోతోంది. వెనక పటుక్కుమంది. ఎండుపుల్ల విరిచినట్టు, అంతే. పెద్ద చప్పుడు ఆ తర్వాత వచ్చింది, కింద నుంచి. తిరిగి చూస్తే గది నిండా వెలుతురు. అంత వెలుతురు ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కాలేదు. బాల్కనీ తలుపు అవతల రెయిలింగు లేదు. ఎదురింటి కిటికీలో నోరు తెరుచుకుని నన్నే చూస్తున్న మనిషి ఉన్నాడు. గుమ్మం తర్వాత గచ్చు లేదు.

నర్సమ్మ నా భుజం పట్టుకుంది. "నా కుర్చీ" అంది.

"ఏంటి?"

"ఏడింటికి నేను అక్కడే కూర్చుంటాను. రోజూ. కాఫీ తాగుతూ. ఇవాళ ఈ దుప్పటి చూసి..."

 నాది పడుతూ పడుతూ ఆవిడ బాల్కనీనీ, దాని కింద మొదటి అంతస్తుదాన్నీ లాక్కుపోయింది. ఇద్దరం ముందు గుమ్మంలోనే కూలబడ్డాం. ఆవిడ చెయ్యి నేను పట్టుకున్నానో, నా చెయ్యి ఆవిడ పట్టుకుందో.

కింద నుంచి ఒక ఆడమనిషి కేక వినపడేసరికి ముందు లేచింది నర్సమ్మే. వీధి ఊడ్చే ఆవిడ కాలు శిథిలాల కింద ఇరుక్కుంది. నర్సమ్మ ఆ దుప్పటే పరపరా చించి కట్టు కట్టింది. "నువ్వు ఊపిరి పీల్చు, నన్నే చూడు, కాలు చూడకు" అంటూ. నేను మెట్ల మీద కొయ్యలా నిలబడిపోయాను. ఆవిడ కాలి మీద ఉన్న మట్టి నాది అన్నయ్యా. నేను జల్లెడ పట్టిన మట్టి. అందులో ముల్లంగి మొలకలు అలాగే నిలబడి ఉన్నాయి.

మధ్యాహ్నం వీధిలో నిలబడి ఉంటే పోస్టుమాన్ వెతుక్కుంటూ వచ్చి నీ ఉత్తరం చేతికిచ్చాడు. అడుగు పెట్టకు అని రాశావు. చదివి నర్సమ్మ చేతికిచ్చాను. వార్డు నర్సు చేత ఫోను చేయించానన్న చోట ఆగింది. తలెత్తి నన్ను చూసింది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.  సాయంత్రం ఆవిడే, "ఎక్కడికి పోతావు? పద" అని తన చెల్లెలింటికి తీసుకొచ్చింది. ఇది అక్కణ్ణుంచే రాస్తున్నాను.

నీ చెల్లెలు


మార్చి 29

చెల్లాయ్,

నీ ఉత్తరం ఆసుపత్రి మెట్ల మీద చదివాను. చదివి ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. నాకు కళ్ళు తిరిగాయనుకుని ఎవరో నీళ్ళు తెచ్చిచ్చారు.

నిన్ను చంపబోయింది బాల్కనీ కాదు, నా ఉత్తరం. ఏనుగుని పడుకోబెట్టమన్నాను. నవ్వుతూ రాశాను ఆ ముక్క.

మీ వదినకి ఇంకా చెప్పలేదు. మడి ఎలా ఉందని అడుగుతోంది, బాగుందంటున్నాను.

ఒక్క సంగతి కనుక్కుని రాయి. విరిగిన చోట ఇనప కమ్మీలు పై వైపు ఉన్నాయా, అడుగున ఉన్నాయా? ఇంజనీరు వచ్చే ఉంటాడు. సరిగ్గా ఏమన్నాడో ఆ మాటే రాయి.

అన్నయ్య


ఏప్రిల్ 4

అన్నయ్యా,

నీ గుండె మీద రాయి దించే కబురు ఇది. తప్పు నీది కాదు!

ఇంజనీరు రెండు రోజులు చూశాడు. బాల్కనీలో కమ్మీలు పై వైపు ఉండాలట, చేతిని నిలబెట్టే నరాల్లాగ. ఇక్కడ అన్నీ అడుగుకి దిగిపోయి ఉన్నాయి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తొక్కితే దిగిపోతాయట, మేస్త్రి పక్కనుండి పైకి లేపించాలట. "మీ మట్టి తొందరపెట్టిందంతే. ఏదో ఒక రోజు నలుగురు నిలబడి ఉండగా పడాల్సిందే" అన్నాడు. బిల్డింగు మొత్తం ఖాళీ చేయించారు.

కళ్ళ ముందు కమ్మీలు కుంగిపోతుంటే చూస్తూ ఊరుకున్న ఆ మేస్త్రి ఎవడో, వాడి చేతులు పడిపోను! వాడికి కంటి మీద కునుకు ఎలా పట్టిందో! ఇన్నేళ్ళూ ఇంతమంది వాడి పాపం మీద బట్టలు ఆరేసుకున్నారు.

నిన్న వీధి ఊడ్చే ఆవిడని చూడ్డానికి వెళ్ళాను. రెండు చోట్ల ఎముక విరిగింది. నడుస్తుందట, ఏడాది పడుతుందట. "తోట పెట్టింది మీరేనా?" అంది. నేనేనన్నాను. "ఏం వేశారు?" అంది. చెప్పాను. కాసేపు కప్పు వంక చూసి, "ముల్లంగి అయితే ఈపాటికి గడ్డ ఊరేది" అని గోడ వైపు తిరిగి పడుకుంది. 

నువ్వు మాత్రం వేళకి తిను. నీ తప్పేం లేదు.

నీ చెల్లెలు


ఏప్రిల్ 13

చెల్లాయ్,

చేతులు పడిపోను అన్నావు. ఆ ఉత్తరం పట్టుకున్న చేతులవంకే చూస్తూ కూర్చున్నాను.

మీ బిల్డింగు నేను కట్టింది కాదు. కానీ నేనూ ఒకటి కట్టాను. ఇక్కడే, బస్సు డిపో వెనక, ముప్ఫై ఒక్క ఏళ్ళ కింద. నాలుగు అంతస్తులు, పదహారు బాల్కనీలు. పై రెండు అంతస్తుల బాల్కనీలకీ ఒకేసారి కాంక్రీటు పోస్తున్న రోజు సాయంత్రం మబ్బు కమ్ముకొచ్చింది. కూలీలు తట్టలెత్తుకుని కమ్మీల మీంచే పరిగెడుతున్నారు. కమ్మీలు కుంగుతున్నాయి. నేను చూశాను. ఆపి లేపించాలి. ఆపితే వాన అందుకుంటుంది, పనంతా పాడవుతుంది. "కానివ్వండి, కానివ్వండి" అన్నాను. మర్నాటికి గట్టిపడిపోయింది. లోపల ఏముందో ఇక ఎవరికీ కనపడదు. రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు పట్టింది. ఆ తర్వాత ముప్ఫై ఒక్క ఏళ్ళూ పట్టింది.

కమ్మీలు ఎక్కడున్నాయని నిన్నడిగింది అందుకే. నీ జవాబు వచ్చిన మర్నాడు మీ వదినకి అంతా చెప్పేసి అక్కడికి వెళ్ళాను. ఎవరేమన్నా నాకు వినపడదు కదా, పెద్ద అక్షరాలతో కాగితం రాసుకెళ్ళాను. "దయచేసి బాల్కనీలోకి వెళ్ళకండి. అది పడిపోవచ్చు. కట్టిన మేస్త్రిని నేనే."

మొదటి తలుపు తీసినాయన చదివి, నవ్వి, తలుపేసుకున్నాడు. రెండో ఇంట్లో నన్ను పిచ్చివాణ్ణనుకున్నారు. మూడో అంతస్తులో ఒకమ్మాయి తడి చేతులతో వచ్చి కాగితం అందుకుంది. ఆమె వెనక బాల్కనీలో టబ్బు నిండా నీళ్ళు. అందులో రెండేళ్ళ పాప. పక్కన స్టూలు మీద తాతగారు, పాప తల మీద నీళ్ళు పోస్తున్నారు. రెయిలింగుకి చుట్టూ బరువైన కుండీలు.

 ఆ అమ్మాయి చదివింది. అరవలేదు. మెల్లిగా వెళ్ళి, గుమ్మం దాటకుండా, లోపలి నుంచే చేతులు చాచి పాపని ఎత్తుకుంది. తాతగారికి సైగ చేసింది. ఆయన స్టూలు వదిలి లోపలికి వచ్చేశారు.

అప్పుడొచ్చి నా చొక్కా పట్టుకుంది. ఏదో అడుగుతోంది. పెదాలు కదులుతున్నాయి, నాకు తెలీడం లేదు. కాగితం తిప్పి పెన్సిలు ఇచ్చాను. "ఎప్పటి నుంచి తెలుసు?" అని రాసింది. నేను దాని కింద రాశాను, "కట్టిన రోజు నుంచి" అని.

అక్కణ్ణుంచి నేరుగా మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి రాతపూర్వకంగా ఇచ్చాను. మొన్న ఇంజనీరు వచ్చి పై రెండు అంతస్తులూ చెక్కించి చూశాడు. ఎనిమిదింట్లో ఆరు బాల్కనీలకి కమ్మీలు అడుగునే ఉన్నాయి. పాప ఇల్లు వాటిలో ఒకటి. పదహారూ మూసేయించి కింద నుంచి పోట్లు పెట్టారు. నా మీద ఏం చర్య తీసుకుంటారో ఇంకా తెలీదు. తీసుకోనీ.

ఇది కాక ఇంకో ఏడు బిల్డింగులున్నాయి. వాటిల్లో ఏమైందో నిజంగా నాకు గుర్తు లేదు. అదే భయం. మీ వదిన చేతికర్రతో లేచి నడుస్తోంది. నాతో మాట్లాడడం లేదు, అన్నం మాత్రం పెడుతోంది.

నీకు రాయకుండా ఉండొచ్చు. నువ్వు తప్పు నాది కాదన్నాక ఉండలేకపోయాను.

అన్నయ్య


ఏప్రిల్ 21

అన్నయ్యా,

నాలుగు రోజులు నీకు రాయలేదు. రాయబుద్ధి కాలేదు. నీ ఉత్తరం రోజూ చదవడం, మడిచి పెట్టెయ్యడం. పాప టబ్బు దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ కాగితం కింద పెట్టేసేదాన్ని. కొత్త చెప్పులు కరిస్తే నన్ను బడి దాకా ఎత్తుకెళ్ళిన మా అన్నయ్యేనా ఇది రాసింది అనిపించేది. నీ మీద కోపం పోయిందని అబద్ధం చెప్పలేను.

నిన్న నర్సమ్మకి పైకి చదివి వినిపించాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ వింటోంది. చివరికొచ్చేసరికి కత్తి పక్కన పెట్టేసింది.

"ఏమంటారు?" అన్నాను.

"ఏమంటాను? నేను ఆ కుర్చీలో పద్దెనిమిదేళ్ళు కూర్చున్నాను. మన ఇల్లు కట్టినవాడు ఒక్కరోజు వచ్చి తలుపు కొట్టలేదు" అంది.

 సాయంత్రం నేను షాపులో వారం రోజులు సెలవు అడిగాను.

శనివారం పొద్దున్న బండికి దిగుతున్నాను. స్టేషనుకి రానక్కర్లేదు, వదిన దగ్గర ఉండు. ఏడు బిల్డింగులన్నావు. కలిసి వెళ్దాం. కాగితం నువ్వే పట్టుకో, తలుపు నువ్వే కొట్టు. వాళ్ళు అనేవన్నీ నేను వింటాను. ఒక్క మాట తగ్గించకుండా నీకు రాసి చూపిస్తాను.

నీ చెల్లెలు